వాట్ల లెక్క, ఓముల లెక్క

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మైకు సెట్టంటే వెనకటికి ఒక ఆంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక 12 వోల్టుల బ్యాటరీ. కరెంటు ఉండీ లేని రోజులు కాబట్టి బ్యాటరీ లేకుండా ఏ పెళ్లికీ కదిలేవాళ్లు కాదు. ఆంప్లిఫయరు ఎక్కువగా అహుజా వాళ్లది. 1940లో పుట్టిన ఆ ఢిల్లీ కంపెనీ పేరు వినని మైకోడు మా వైపు లేడు.

నాకు ఈ పని మా మేనమామ నేర్పిండు. ఆంప్లిఫయరు వెనక స్క్రూల వరుస ఉంటుంది: 4, 8, 16 ఓములు, 70 వోల్టులు, 100 వోల్టులు. "అల్లుడా, ముందుగాల తీగ ఎంత పొడుగో చూడు, ఏ స్క్రూకు కట్టాల్నో అదే చెప్తది" అనేవాడు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరలాంటి చోట ఆ మాట విలువ తెలుస్తుంది. తప్పిపోయిన పిల్లల పేర్లు గుట్ట మీదా కిందా వినబడాలి. 250 వాట్లను 4 ఓముల మీద పంపితే తీగలో దాదాపు 8 ఆంపియర్ల కరెంటు పారుతుంది. అదే 100 వోల్టుల లైను మీదైతే రెండున్నర. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పదో వంతుకు పడిపోతుంది. ఒక్కో హారనుకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, వాట్లు కూడుకుంటూ పోవాలి. ఆంప్లిఫయరు వాట్లు నిండేదాకా ఎన్ని హారన్లైనా కట్టొచ్చు.

హారనుకు లోతు లేదు. సుమారు 300 హెర్ట్జ్ కిందికి దిగితే దాని గొంతు పోతుంది. మంట మీద కాచిన డప్పు పక్కన నిలబడితే ఛాతీకి తగిలే దెబ్బ, పెద్దగట్టుకు యాదవులు మోసుకొచ్చే భేరీల మోత హారన్ల రికార్డుల్లో ఎన్నడూ రాలేదు. బేస్ బాక్సులు వచ్చినప్పుడు మా పిల్లలు వాటి వెంట పడ్డారంటే నాకు వింత అనిపించలేదు. ఆ దెబ్బ వాళ్ల చెవులకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

చేటు వచ్చింది లెక్క దగ్గర. హారన్లు కలిపిన అలవాటుతోనే చాలామంది బాక్సులు కలిపారు. 18 అంగుళాల 8 ఓముల బాక్సు ఒకటి కడితే 8 ఓములే. రెండు పక్కపక్కన కలిపితే 4, నాలుగు కలిపితే 2. బాక్సు పెరిగిన కొద్దీ ఆంప్లిఫయరు మీద బరువు పెరుగుతుంది. 4 ఓములకే తయారైన దాని మీద 2 ఓములు వేస్తే అది వేడెక్కి బరాత్ నడుమ ఆగిపోతుంది.

ఇంకో మూఢనమ్మకం, చిన్న ఆంప్లిఫయరైతే స్పీకరు భద్రమని. బరాత్‌లో కుర్రాళ్లు "అన్నా, ఇంకా పెంచు" అంటే చిన్నది ఎర్రలైటులోకి పోతుంది, అల తల చదునవుతుంది, ఆ వేడంతా కాయిల్‌కు ఎక్కుతుంది. వార్నీషు మాడిన వాసన వచ్చిందంటే ఇక రీకాయిలింగే. అందుకే 1000 వాట్ల ఆర్ఎంఎస్ స్పీకరుకు 1500 ఇచ్చే ఆంప్లిఫయరు పెట్టి, ఎర్రలైటు వెలగకుండా నడుపుతాను. 35 హెర్ట్జ్ కిందిది కోసేస్తాను, లేకపోతే కోను అదుపు తప్పుతుంది. బండి ఎక్కించే ముందు ప్రతి బాక్సుకూ మీటరు పెడతాను. 8 ఓముల స్పీకరు మీటరులో 6 దగ్గర చూపిస్తే బాగున్నట్టు.

శబ్ద కాలుష్య నిబంధనలు 2000లోనే వచ్చాయి, రాత్రి 10 దాటితే ఆపాల్సిందే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ముసలివాళ్ల గుండెలు, పసిపిల్లల చెవులు తలచుకుంటే నేను దాన్ని తప్పు పట్టలేను. కానీ లెక్క కుదిరిన రెండు బాక్సులు, లెక్క తప్పిన ఎనిమిదింటికన్నా డప్పును బాగా పలికిస్తాయని మా కుర్రాళ్లకు చూపించాలని నా పట్టుదల. పాలమూరు వైపు కురుమూర్తి జాతర పని వస్తే ప్రకటనలకు 100 వోల్టుల లైను మీద హారన్లే కడతాను, బేస్‌ను వేదిక దగ్గరే ఉంచుతాను.