పెంపుడు కొండచిలువలు - పసిపిల్లల రక్షణ

పాములను గురించి బడిలో చెప్పే మొదటి పాఠం విషానికి సంబంధించినది. పాములను విషమున్నవి, విషం లేనివి అని రెండు వర్గాలు చేసి, రెండవ వర్గాన్ని చూసి భయపడనక్కరలేదని విద్యార్థులకు చెబుతాము. మనదేశంలో ఈ పాఠం చాలా అవసరమైనది. 2000 నుంచి 2019 వరకు పాముకాటువలన ఏటా సగటున 58,000 మంది మరణించినారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. నాగుపామును, కట్లపామును, రక్తపింజరను, చిన్నపింజరను గుర్తించడం మన పిల్లలకు ప్రాణరక్షణ విద్యయే.

ఐతే ఈ విభజనలో ఒక లోపమున్నది. విషం లేని పామంటే అపాయం లేని పాము అని మనస్సు తనకు తానే అనుకొంటుంది. కొండచిలువకు విషం లేదు. దాని ఆయుధం కండబలం. పెద్ద పాములను ఇళ్ళలో పెంచే వేడుక పాశ్చాత్య దేశాలలో వ్యాపించిన తరువాత ఈ పొరపాటు అభిప్రాయం పసిబిడ్డల ప్రాణాలమీదికి వచ్చింది. అది ఎట్లా జరిగిందో, దానినుంచి శాస్త్రజ్ఞులూ ప్రభుత్వాలూ ఏమి నేర్చుకొన్నారో చూద్దాము.

విశాఖపట్టణపు ‘పెద్దపొడ’

ఈ కథలో మొదటి ఘట్టం మన తీరానికి చెందినది. పదునెనిమిదవ శతాబ్దపు చివరిభాగంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు విశాఖపట్టణంలో నివసిస్తూ, ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసినాడు. కోరమాండల్ తీరపు పాములను సేకరించి, బొమ్మలతోసహా 1796లో ఒక గ్రంథం ప్రకటించినాడు. అందులో ఆయన స్థానికులు వాడే పేర్లను యథాతథంగా నిలిపినాడు. నేడు ఆయన పేరుతోనే పిలువబడుతున్న రక్తపింజర అందులో ‘కాటుకరేకుల పొడ’, కొండచిలువ ‘పెద్దపొడ’. పొడ అంటే మచ్చ. ఒంటిమీద పెద్ద మచ్చలున్నది గనుక పెద్దపొడ.

రస్సెల్ ముఖ్యోద్దేశం ప్రజలకు విషసర్పాలను గుర్తించడం నేర్పటం. అందుకై ఆయన కోళ్ళమీద, కుక్కలమీద కాట్లను పరీక్షించి చూచినాడు. ఆనాటి అవసరం అది. ఆ లెక్కలో పెద్దపొడ సహజంగానే విషం లేని వర్గంలో చేరింది. అడవిలోనో కొండలోనో దూరంగా బ్రతికే పాముకు ఆ వర్గం చాలు కూడా. మన భారతీయ కొండచిలువ మనుష్యుల జోలికి రావడం బహు అరుదు. దానిని ఇంట్లో పడకగది పక్కన పెట్టుకొన్నప్పుడే లెక్క మారుతుంది.

జంతుశాల నుంచి ఇంటికి

లండను జంతుశాలవారు 1849లో సరీసృపాలకోసం ప్రత్యేకంగా ఒక భవనం తెరిచినారు. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. అక్కడ పెద్ద పాములు గాజుపలకల వెనుక, తాళాలలో, జీతగాండ్ల పర్యవేక్షణలో ఉండేవి. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో విమాన రవాణా పెరిగి, ఆసియా, ఆఫ్రికా పాములు దుకాణాలలో అమ్మకానికి వచ్చినవి. 1980 తరువాతి సంవత్సరాలలో పసుపు, తెలుపు రంగుల్లో మెరిసే వర్ణహీన కొండచిలువలను బంధనంలోనే పుట్టించడం మొదలైన తరువాత గిరాకీ ఇంకా హెచ్చింది. 1996 - 2006 సంవత్సరాల మధ్య అమెరికాకు దిగుమతి అయిన బర్మా కొండచిలువల సంఖ్య సుమారు 99,000 అని లెక్క తేలింది.

కొనేనాడు అది అరమీటరు పొడవున్న అందమైన పాముపిల్ల. తిండి బాగా పెడితే కొద్ది సంవత్సరాలలోనే మూడు మీటర్లు దాటుతుంది. దాని శక్తి ఎంతవరకు పెరుగగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు: 2023లో ఫ్లారిడా రాష్ట్రంలో పట్టుబడిన ఒక బర్మా కొండచిలువ పొడవు 5.79 మీటర్లు. పాము పెరుగుతుంది గాని కొన్ననాటి గాజుపెట్టె పెరగదు. అనేక ప్రమాదాలకు మూలం ఈ చిన్న వాక్యంలో ఉన్నది.

పాము ఏమి గ్రహిస్తుంది?

“మా పాము మచ్చికైనది, మమ్మల్ని ఎరుగును” అని పెంచేవారు అంటూ ఉంటారు. మచ్చికైన కుక్కకూ, చేతికి అలవాటుపడిన పాముకూ చాలా భేదమున్నది. పాము తాకుడుకు బెదరకుండా ఉండడం నేర్చుకోగలదు. ఐతే ఆకలిగా ఉన్నప్పుడు వేట సంకేతం అందితే దాని సహజప్రవృత్తి మేలుకొంటుంది. ఆ సంకేతాలు ముఖ్యంగా మూడు: వాసన, కదలిక, వెచ్చదనం.

కొండచిలువ పెదవుల పొలుసులలో చిన్న గుంటలుంటవి. ఇటువంటి గుంటలు వేడిని గ్రహించే ఇంద్రియాలని నోబుల్, ష్మిట్ అనే శాస్త్రజ్ఞులు 1937లో ప్రయోగాలతో చూపినారు. వెచ్చని శరీరం నుంచి వెలువడే పరారుణ కిరణాలను ఇవి పసికడతవి. ఈ గ్రహణానికి ఆధారమైన ప్రోటీను ఏదో 2010లో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల కనుగొన్నది. కాబట్టి చీకటి గదిలో నిద్రిస్తున్న పసిబిడ్డ మనకు కనబడకపోయినా కొండచిలువకు ‘కనబడుతుంది’. బిడ్డ చేతులకు కుందేలు, కోడి వంటి జంతువుల వాసన అంటి ఉంటే పాము మరింతగా పొరబడుతుంది.

పట్టిన తరువాత జరిగేదానిని గురించి కూడా అభిప్రాయాలు మారినవి. పాము చుట్టుకొన్నప్పుడు ఊపిరాడక వేట చనిపోతుందని పూర్వం అనుకొనేవారు. 2015లో స్కాట్ బోబాక్, ఆయన సహచరులు మత్తు ఇచ్చిన ఎలుకల రక్తనాళాలలో కొలమానాలు అమర్చి, బోవా పాములు చుట్టుకొన్నప్పుడు కొలిచి చూచినారు. ఆరు సెకన్లలో ధమనులలోని రక్తపు పోటు సగానికి పడిపోయింది. అంటే మొదట ఆగేది రక్తప్రసారం. ఊపిరి ఆగినా, రక్తప్రసారం ఆగినా, సహాయానికి మిగిలే వ్యవధి బహు స్వల్పం. కేక విని పక్కగది నుంచి వచ్చేలోపల ఆలస్యం కావచ్చు. బిడ్డ కేక వేయగలదన్న హామీ కూడా లేదు.

అడవిలోని సాక్ష్యం

పెద్ద పాములు మనుష్యులను ఆహారంగా చూడవని చాలాకాలం వాదించినవారున్నారు. ఈ వాదాన్ని ఫిలిప్పీన్స్ దేశపు లూజాన్ దీవిలోని అగ్తా జనుల అనుభవం తోసిపుచ్చింది. 1962 నుంచి వారి మధ్య నివసించిన మానవశాస్త్రజ్ఞుడు థామస్ హెడ్లండ్, పాముల శాస్త్రజ్ఞుడు హ్యారీ గ్రీన్ కలిసి 2011లో ఆ వివరాలు ప్రకటించినారు. వయోజన పురుషులలో 26 శాతం మందిపై, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు, ఒంటిమీద వలవంటి గుర్తులుండే రెటిక్యులేటెడ్ కొండచిలువ దాడి చేసింది. 1934 - 1973 మధ్య ఆరుగురు మరణించినారు. 1973లో ఒక తండ్రి సూర్యాస్తమయ వేళ ఇంటికి వచ్చి చూచేసరికి కొండచిలువ అతని బిడ్డలిద్దరిని చంపి, ఒకరిని మింగుతూ ఉన్నది. అతడు కత్తితో దానిని చంపినాడు. ఆరునెలల పసికందు మాత్రం క్షేమంగా మిగిలింది. తలుపు గట్టిగా లేని ఇల్లు, చిన్నపిల్లలు, పెద్ద పాము - ఈ మూడూ కలిసిన చోట ఏమి జరుగగలదో ఈ సంఘటన చెబుతున్నది.

రెండు ఇళ్ళలో జరిగినది

2009 జూలై 1న ఫ్లారిడాలో రెండేళ్ళ బాలిక నిద్రలో ఉండగా, ఆ ఇంటిలో పెంచుతున్న బర్మా కొండచిలువ పెట్టెనుంచి బయటికి వచ్చి ఆమెను చంపింది. పాము పొడవు సుమారు రెండున్నర మీటర్లు మాత్రమే. పెట్టెకు నమ్మదగిన తాళపు మూత లేదు. అదే రాత్రి పాము ఒకసారి బయటపడితే తిరిగి లోపల పెట్టినారనీ, దానికి చాలినంత ఆహారం పెట్టడంలేదనీ విచారణలో వెల్లడియైనది. 2011లో న్యాయస్థానం బాలిక తల్లికి, ఆమె సహచరునికి పన్నెండేసి సంవత్సరాల కారాగారశిక్ష విధించింది.

2013 ఆగస్టు 5న కెనడాలోని క్యాంప్‌బెల్‌టన్ పట్టణంలో నాలుగేళ్ళ, ఆరేళ్ళ అన్నదమ్ములు ఇద్దరు స్నేహితుని ఇంట నిద్రించినారు. ఆ ఇంటి గదిలో ఉన్న ఆఫ్రికా కొండచిలువ గాలిగొట్టం గుండా తప్పించుకొని, వారు పడుకొన్న గదిలో పడి ఇద్దరినీ చంపింది. పాము బరువు సుమారు 24 కిలోగ్రాములు. యజమానిపై నేరారోపణ జరిగింది. 2016లో జూరీ ఆయనను నిర్దోషిగా తీర్పు చెప్పింది.

ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక స్పష్టం. రెండూ రాత్రివేళ జరిగినవి. రెండింటిలోనూ పిల్లలు నిద్రలో ఉన్నారు. ఎవరూ పామును రెచ్చగొట్టలేదు. మొదటిదానిలో మూత లోపించింది. రెండవదానిలో గది ఉన్నది గాని గదికి మరొక దారి ఉన్నది. పాము స్వభావంకంటె ఆవరణ బలహీనతయే ఇక్కడ నిర్ణాయకమైనది.

చట్టాలు ఏమి చూచినవి?

బ్రిటనులో సింహాలవంటి మృగాలను ఇళ్ళలో పెంచే వేలంవెర్రిని అదుపుచేయడానికి 1976లో ప్రమాదకర వన్యజంతువుల చట్టం చేసినారు. పట్టికలో విషసర్పాలు ఉన్నవి. కొండచిలువలూ బోవాలూ లేవు. రస్సెల్ నాటి విభజనయే చట్టంలోకి కూడా వచ్చిందన్నమాట.

అమెరికాలో చట్టం కదిలింది, కాని ముఖ్యంగా మరొక కారణంచేత. పెంపకందార్ల చేతులనుంచి తప్పించుకొన్నవీ, వదలివేయబడినవీ ఫ్లారిడా ఎవర్గ్లేడ్స్ చిత్తడినేలల్లో స్థిరపడి, అక్కడి క్షీరదాలను హరించినవి. 2012లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం అక్కడ రకూన్లు కనబడడం 99 శాతం తగ్గిపోయింది. అదే ఏడు ప్రభుత్వం నాలుగు జాతుల పెద్ద పాములను, 2015లో మరి నాలుగింటిని హానికర జాతుల పట్టికలో చేర్చి దిగుమతి నిషేధించింది. అడవి రక్షణకు చేసిన ఈ చట్టం పిల్లలకు కొంత మేలు చేసింది. ఐనా అప్పటికే ఇళ్ళలో ఉన్న పాముల పెట్టెలకు తాళం వేసే బాధ్యత మాత్రం పెద్దలదే.

మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారతీయ కొండచిలువను పట్టడం, పెంచడం నేరం. విదేశీజాతులను గురించి 2022 సవరణ, 2024 నియమాలు అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలో ఉన్న ప్రాణులను పెంచేవారు ఆ సంగతి ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలని నిర్దేశిస్తున్నవి. కొండచిలువలన్నీ ఈ పట్టికలలో చేరినవే.

విద్యార్థులకు చెప్పవలసినవి

ఈ చరిత్ర నుంచి తేలే నియమాలు కొద్దివే. పసిపిల్లలున్న ఇంట్లో పెద్ద జాతుల కొండచిలువ ఉండకపోవడమే అన్నిటికంటె క్షేమం. చట్టసమ్మతంగా ఉన్నచోట, పెట్టెకు తాళం, గదికి తాళం, రెండూ ఉండాలి. గాలిదారులు సైతం గట్టి జాలీతో మూయాలి. పిల్లలు నిద్రించే గదిలో పాము పెట్టె ఎన్నడూ ఉండరాదు. రెండున్నర మీటర్లు దాటిన పామును ఒక్కరే ఎత్తరాదు. మరొక పెద్దవారు దగ్గర ఉండాలి. చుట్టుకొన్నప్పుడు తోకవైపునుంచి విప్పాలి. ఛాయాచిత్రంకోసం పిల్లల మెడలో పామును వేయరాదు.

కనబడని అపాయం మరొకటి ఉన్నది. ఆరోగ్యంగా కనబడే సరీసృపాల పేగులలో సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు. చిన్న తాబేళ్ళవలన పిల్లలకు జబ్బులు వస్తున్నవని అమెరికా 1975లోనే నాలుగు అంగుళాలలోపు తాబేళ్ళ అమ్మకం నిషేధించింది. ఐదేళ్ళలోపు పిల్లలు సరీసృపాలను తాకరాదని అక్కడి ఆరోగ్యశాఖ సలహా. తాకినవారెవరైనా సబ్బుతో చేతులు కడుగుకోవాలి.

పొలంలోనో బడి ఆవరణలోనో కొండచిలువ కనబడితే దానిని చంపరాదు, పట్టరాదు. పిల్లలను దూరంగా నిలిపి అటవీశాఖకు కబురు చేయాలి. ఎలుకలను తిని పైరును కాపాడే ప్రాణి అది. పాముల పాఠంలో ఉపాధ్యాయులు ఇకమీదట రెండు ప్రశ్నలు వేయించడం మంచిది: దీనికి విషమున్నదా? విషం లేకపోతే దీని బలమెంత? రెండవ ప్రశ్న వేయనందుకు కొన్ని ఇళ్ళు చెల్లించిన మూల్యం చాలా పెద్దది.