తలకిందుల చార్మినార్

పెద్ద కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని చూసే మనిషికి చార్మినార్ నిలబడి కనిపించదు, వేలాడుతూ కనిపిస్తుంది. మినార్లు కిందికి, వీధి పైకి, కుడి ఎడమకి. లెన్స్ లోంచి వచ్చిన వెలుగు గరుకు గాజు మీద బొమ్మను అలాగే వేస్తుంది. దాన్ని తిప్పి చూపించే అద్దాలు ఆ కెమెరాలో ఉండవు. పందొమ్మిదో శతాబ్దపు చివరి రోజుల హైదరాబాద్‌ను లోకానికి చూపించిన రాజా దీన్ దయాళ్ ఆ నగరాన్ని దాదాపు ఇరవయ్యేళ్ల పాటు ఇలాగే చూశారు.

ఆయన చదివింది ఫొటోగ్రఫీ కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా పట్టింది ముప్పయ్యో ఏట, 1874 ప్రాంతంలో. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే ఆంగ్లేయ అధికారి వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలూ గుడులూ తీశాక పేరు దేశమంతా పాకింది. 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు ఇచ్చారు.

ఈ డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగాన్ని ఆయన జీవితకథలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నిజానికి అసలు సంగతి అక్కడే ఉంది. కట్టడం ఎదురుగా నిలబడి దాని నిలువు గీతలు నిలువుగా, అడ్డగీతలు అడ్డంగా ఉన్నాయో లేదో చూసుకోవడం ప్లాను గీసేవాడికి అలవాటు. పెద్ద కెమెరా అడిగేదీ అదే.

ఎత్తయిన భవనాన్ని మామూలు కెమెరాతో తీయాలంటే కెమెరాను పైకి ఎత్తాలి. ఎత్తగానే గోడలు పైన దగ్గరపడి, భవనం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఇప్పటి సెల్‌ఫోన్ ఫొటోల్లో చార్మినార్‌కు పట్టే గతి ఇదే. పాత చెక్క కెమెరాలో లెన్స్ ఒక పలకకు, గాజు ప్లేటు ఇంకో పలకకు బిగించి ఉంటాయి. రెంటి నడుమ మడతల తోలు తిత్తి. వెనక పలకను నిటారుగా ఉంచేసి ముందు పలకను మాత్రం పైకి జరిపితే భవనం శిఖరం దాకా ప్లేటులోకి దిగుతుంది, గోడలు మాత్రం వంగవు. పలకలను కాస్త వాల్చితే కాలి దగ్గరి రాయి నుంచి దూరపు గుమ్మటం దాకా ఒకే పదునులో తేలతాయి. దీని వెనకున్న జ్యామితిని ఆస్ట్రియాకు చెందిన థియోడోర్ షైంప్‌ఫ్లూగ్ 1904లో పేటెంట్ పత్రాల్లో విడమరిచారు. అందుకే ఆ సూత్రానికి ఆయన పేరు నిలిచింది. పనివాళ్లకు మాత్రం కంటి అంచనాతో అది అంతకు ముందే తెలుసు.

కెమెరా అంత పెద్దది ఎందుకంటే, ప్రింటు ఎంత కావాలో నెగటివ్ అంత ఉండాలి కాబట్టి. గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం చాలా నిదానంగా పనిచేసేది. దీపం వెలుగు దానికి చాలదు, ఎండే కావాలి. నెగటివ్‌ను కాగితం మీద ఆనించి, ఫ్రేములో బిగించి, ఎండలో పెట్టి, బొమ్మ దానంతటది ఎక్కేదాకా చూసేవారు. పెద్దది చేసి ప్రింటు వేయడం స్టూడియోలకు రోజువారీ పని కాలేదు. అందుకే ఆరున్నర బై ఎనిమిదిన్నర అంగుళాల ఫుల్ ప్లేట్, 8 బై 10, 10 బై 12 అంగుళాల గాజు పలకలు వాడుకలోకి వచ్చాయి. 8 బై 10 ప్లేటు విస్తీర్ణం 80 చదరపు అంగుళాలు. తర్వాతి కాలపు 35 ఎంఎం రీలులో ఒక ఫ్రేము ఒకటింపావు చదరపు అంగుళాన్ని కాస్త మించుతుంది, అంతే. తేడా అరవై రెట్లకు దగ్గర. బషీర్‌బాగ్ ప్యాలెస్ భోజనాల గది ఫొటోలో షాండ్లియర్ల గాజు పూసలు విడివిడిగా కనిపించడానికి మూలం ఈ లెక్కలో ఉంది.

ఎండ ప్రింటుకు మేలు చేస్తే ప్లేటుకు చేటు చేసేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఆంగ్లేయుడు బయటపెట్టిన కొలోడియన్ పద్ధతిలో గాజు మీద ద్రావణం పోసి నాలుగు మూలలకూ పారించాలి. చీకటిలో సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే ఫొటో తీసి కడిగేయాలి. మొత్తం మీద పది నిమిషాల వ్యవధి. ఆ ద్రావణంలో ఉండే ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో 40 దాటే దక్కన్‌లో ఆ పది నిమిషాలు కూడా దక్కేవి కావు. గుడారం కట్టి డార్క్ రూమును వెంట మోసుకెళ్లక తప్పేది కాదు. ఆ గుడారంలో ఈథర్ ఘాటు, సైనైడ్ సీసా, ఉక్కపోత. ఆనాటి ఫొటోగ్రాఫర్‌ను కళాకారుడనే ముందు కూలివాడన్నా తప్పు లేదు.

రిచర్డ్ లీచ్ మాడాక్స్ 1871లో ప్రతిపాదించిన జెలటిన్ పూత ఈ తంటా తీర్చింది. ఇంగ్లండు కంపెనీలు డ్రై ప్లేట్లను పెట్టెల్లో పెట్టి అమ్మసాగాయి. ఈరోజు తీసి తర్వాత తీరిగ్గా కడగొచ్చు. అయితే జెలటిన్‌కూ వేడి గిట్టదు. గోరువెచ్చటి నీళ్లలో పూత మెత్తబడి అంచుల నుంచి లేచిపోయేది. పటిక నీళ్లలో ముంచి గట్టిపరిచేవారు, వీలైతే మంచు తెప్పించేవారు.

ఈ ప్లేట్లకు రంగుల విషయంలో ఒక గుడ్డితనం ఉండేది. నీలానికి అతిగా స్పందించేవి, ఎరుపును అసలు పట్టించుకునేవి కావు. ఆనాటి దృశ్యాల్లో ఆకాశం మబ్బుల్లేకుండా తెల్లకాగితంలా ఉండడానికి, ఎర్ర తలపాగా నల్లగా రావడానికి కారణం అదే. ఆ ఫొటోలను చూసి నిజాం దర్బారు ఎంత గంభీరంగా ఉండేదో అనుకునేవాళ్లు కెమికల్‌కు దక్కాల్సిన ఘనతను దర్బారుకు కట్టబెడుతున్నారు.

కదలనివాళ్లే ఈ కెమెరాకు బాగా పడతారు. డ్రై ప్లేట్లతో దీన్ దయాళ్ సైనిక విన్యాసాల్లాంటి వేగాన్నీ పట్టుకున్నారు గానీ, గది లోపల తీసేటప్పుడు లెన్స్ చాలాసేపు తెరిచి ఉంచాల్సిందే. ‘కదలకండి’ అన్న మాట ఆనాడు ఎవరి మీద చెల్లేది? దొర అడిగి తీయించుకుంటే దొర మీద, సేవకుడు వరసలో ఉంటే సేవకుడి మీద. 1893లో హైదరాబాద్ వచ్చిన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ పర్యటననూ ఆయన తీశారు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత ఈ యువరాజు హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది. 1902లో వరంగల్ దగ్గరి నెక్కొండలో చచ్చిన పులితో వైస్రాయ్ కర్జన్ దంపతులు దిగిన ఫొటో నేటికీ పుస్తకాల్లో తిరుగుతోంది. అంత పేరు దానికి ఎక్కువే. అందులో కెమెరా చేసిన పని తక్కువ, పులి చేసిన పని ఎక్కువ. పంతొమ్మిదివందల నాటి కరువులో నిజాం సర్కారు నడిపిన సహాయ పనుల ఫొటోలు దానికంటే లోతైనవి. పెద్ద ప్లేటు ధర్మం ఏమిటంటే అది నవాబు కోటు బొత్తాన్నీ, కూలి మనిషి పక్కటెముకనూ ఒకే శ్రద్ధతో గీస్తుంది. తీయించిన సర్కారు తన ఔదార్యం కనిపించాలనుకుంది. ఔదార్యంతో పాటు ఎముకలూ పడ్డాయి.

1892లో మొదలైన జనానా స్టూడియో ఆయన వ్యాపార దక్షతకు గుర్తు. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లకు ఎత్తు గోడల మధ్య, మగవాళ్ల కంటపడకుండా ఫొటో దిగే వీలు కల్పించారు. నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. దర్బారు ఆల్బముల్లో హైదరాబాద్ అంతా మీసాలూ తలపాగాలే. మిగతా సగం నగరం కెమెరా ముందుకు రావడానికి ఇలాంటి గోడలు కావలసి వచ్చాయి.

1905లో దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. కుటుంబం ప్లేట్లను గాజు ధరకు అమ్మేయకుండా దాచింది. స్టూడియోలో నెగటివ్‌ల మీదే సంఖ్య, పేరు రాసే అలవాటు ఉండేది. నల్లసిరాతో రాసింది ప్రింటులో తెల్లగా వస్తుంది. ఏ ఫొటో ఎక్కడిదో నేటి పరిశోధకులు పట్టుకోగలుగుతున్నారంటే ఆ గుమాస్తాతనం వల్లే. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను సేకరించింది. హైదరాబాద్‌లో పుట్టిన సంపద ఢిల్లీ అల్మరాల్లో చేరడం కాస్త చివుక్కుమనిపించినా, భద్రంగా ఉండడమే ముఖ్యం.

రాజుల కొలువులో పుట్టిన ఈ పనితీరు తర్వాత ఊరూరి స్టూడియోలకు దిగింది. బడి గ్రూప్ ఫొటో, పెళ్లి ఫొటో తీయడానికి మూడుకాళ్ల స్టాండు మీద చెక్క ఫీల్డ్ కెమెరా వచ్చేది. నెగటివ్ పెద్దది కాబట్టి సన్నగా చెక్కిన పెన్సిల్‌తో దాని మీదే ‘టచింగ్’ చేసేవారు. బుగ్గ మీద మచ్చ పోయేది, కళ్ల కింద నీడ పోయేది. ఆ కెమెరాలు విదేశాల నుంచే రావాలన్న నియమాన్ని కేరళలోని అలెప్పీలో కరుణాకరన్ అనే పనివాడు 1940ల్లో బద్దలు కొట్టారు. వాళ్లది సంగీత వాద్యాలు బాగుచేసే ఇల్లు. చిరిగిపోయిన కెమెరా తిత్తిని బాగుచేయమని ఒక స్టూడియో యజమాని తెచ్చిస్తే, హార్మోనియం తిత్తులు కుట్టిన చేతులకు అది కొత్త పనేమీ కాలేదు. అక్కడి నుంచి టేకు చెక్కతో పూర్తి కెమెరాయే తయారైంది. వాగీశ్వరి పేరుతో అది దేశమంతటి స్టూడియోల్లోకి వెళ్లి, 35 ఎంఎం, రంగుల ల్యాబులు వచ్చేదాకా కూడు పెట్టింది.

గాజు పోయింది, షీట్ ఫిల్ము వచ్చింది. ఇప్పుడు పెద్ద ఫార్మాట్ అంటే 4 బై 5 అంగుళాలు, ఆపైన. ఇల్‌ఫర్డ్ కంపెనీ ఏడాదికోసారి అరుదైన సైజుల ఫిల్ముకు ముందస్తు ఆర్డర్లు తీసుకుంటుంది. ఆ జాబితాలో దీన్ దయాళ్ కాలపు ఫుల్ ప్లేట్, ఆరున్నర బై ఎనిమిదిన్నర, ఉంటుంది. అటకమీద తాతగారి కెమెరా ఉన్నవాళ్లు తిత్తికి చిల్లులున్నాయేమో చూసుకుని, ఫిల్ము పట్టే హోల్డర్లు సంపాదించుకుంటే చాలు.