డెమెరారా ఒడ్డున మన తప్పెట

మనం చదువుకునే రోజుల్లో దక్షిణ అమెరికా అంటే సాంఘిక శాస్త్రం పరీక్షలో రంగు పెన్సిలుతో నింపే ఒక మ్యాపు ముక్క. దాని ఉత్తరపు అంచున ఉన్న గయానా దేశానికి, రాజధాని జార్జిటౌన్ చూడ్డానికి, కిందటేడు యాత్రికుడిగా నాలుగు రోజులు వెళ్లొచ్చాను.

మన పాపాఘ్ని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. చలమ తీస్తే గాని నీళ్లు కనపడవు. వస్తే మాత్రం 2021 నవంబరులో వంతెన కూల్చినట్టు వస్తుంది. జార్జిటౌన్ కష్టం వేరు. డెమెరారా నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ ఊరు పోటు మట్టం కంటే పల్లంలో ఉంది. సముద్రం వైపు పొడవాటి గోడ, వీధుల వెంట కాలువలు, కాలువల చివర ‘కోకర్’ అని పిలిచే తూములు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తలుపు ఎత్తి ఊరి నీళ్లు వదులుతారు, పోటు రాగానే దించేస్తారు. నీటి కోసం బోర్లు వేసుకునే సీమ నుంచి పోయిన నేను, నీటిని బయటికి తోలడానికి రోజూ కాపలా కాసే ఊరిని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఈ ఏర్పాటు మొదలుపెట్టింది డచ్చివాళ్లు. వాళ్లు స్టాబ్రోక్ అని పిలిచిన ఊరికి ఇంగ్లీషువాళ్లు 1812లో జార్జిటౌన్ అని పేరు మార్చారు. 1881 నాటి ఇనుప మార్కెట్టుకు మాత్రం పాత పేరే నిలిచింది. 1892లో తెరిచిన సెయింట్ జార్జి చర్చి ఆకాశానికి లేచిన కొయ్య కట్టడం. అయితే ఆ తీరంలో అసలు పెద్ద కట్టడం మట్టి కట్టలే. చెరకు తోటల కోసం ఆఫ్రికా బానిసలు పారలతో కనీసం 10 కోట్ల టన్నుల మట్టి ఎత్తిపోశారని తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం వేసిన వెన్ కమిషన్ లెక్క కట్టింది.

1838 ఆగస్టు 1న ఆ బానిసలకు పూర్తి విముక్తి వచ్చింది. దానికి ముందే తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. కలకత్తా నుంచి బయలుదేరిన విట్బీ, హెస్పెరస్ ఓడలు 1838 మే 5న అక్కడికి చేరాయి. ఆ రోజు ఇప్పటికీ గయానాలో సెలవు దినం. మద్రాసు రేవు నుంచి ప్రయాణాలు 1845లో మొదలయ్యాయి. 1917లో ఈ పద్ధతి ఆగేదాకా మొత్తం 2 లక్షల 39 వేల మంది దాకా వెళ్లారు. అందులో మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు సుమారు 15 వేలు. వాళ్లలో అరవవాళ్లూ ఉన్నారు, తెలుగువాళ్లూ ఉన్నారు. మన కడప జిల్లా 1800 నుంచి ఆ మద్రాసు రాజధాని కిందే ఉండేదని గుర్తుంచుకోవాలి.

వాళ్లది ఒప్పంద కూలి. అయిదేళ్లు తోట విడిచి పోరాదు. పాసు లేకుండా గేటు దాటితే అది నేరం, జైలు. అక్కడ తెలుగు, అరవం తేడా చూసినవాళ్లు లేరు, అందరినీ కలిపి ‘మద్రాసీ’ అన్నారు. రెండు మూడు తరాల్లో భాష పోయింది. ఇంటిపేరూ పోయింది. కాగితం మీద ఎక్కిన తండ్రి పేరే పిల్లలకు ఇంటిపేరయింది. మన మునుసామి అక్కడ ‘మూన్‌సామి’ అయి కూర్చున్నాడు. 2015 నుంచి 2020 దాకా ఆ దేశ ప్రధానిగా ఉన్న మోజెస్ వీరాసామి నాగముత్తు కూడా ఆ మద్రాసీల సంతతివాడే.

అయినా పోనిది ఒకటుంది. అక్కడి మద్రాసీ గుళ్లలో మారెమ్మకు కొలుపు చేస్తారు. వేపమండలు పట్టుకుంటారు, పూనకం వస్తుంది, తోలు వాద్యం మోగుతుంది. ఆ వాద్యాన్ని వాళ్లు ‘తప్పు’ అంటారు. మన తప్పెటే! మాట అర్థం మరిచినవాళ్లు దెబ్బ మరవలేదు. గంగమ్మ జాతరలో చిన్నప్పుడు విన్న చప్పుడు భూగోళానికి అవతల వినపడేసరికి నాకు కళ్లు చెమర్చాయి.

జార్జిటౌన్‌లో చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ పేరున జాతీయ పత్రాలయం ఉంది. ఓడెక్కిన కూలీల పాసుల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, వయసు, ఒంటిమీది గుర్తులు రాసేవారు. మన పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాసినట్టే. తమ తాత ఏ ఊరివాడో తెలుసుకోవడానికి ఇప్పుడు మనవళ్లకు ఆధారం ఆ కాగితమే. ఎదురుగా ఈ గడ్డ మీద, ఫలానా ఇంటివాడు ఓడెక్కి తిరిగి రాలేదని చెప్పేవాళ్లు మిగల్లేదు.

మన తరంలోనూ కమలాపురం చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్ పోయినవాళ్లు తక్కువేం కాదు. మనతో బెంచీ మీద కూర్చున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల కథ కూడా పాస్‌పోర్టు కాగితంలోనే మిగిలిపోకూడదు. మన బడి అడ్మిషన్ రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, ఊరు పేరు ఉన్నాయి. ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘం ఆ పేర్లను ఒక్కొక్కటే తీసి, ఎవరు ఎక్కడికి పోయారు, ఎందుకు పోయారు, ఎలా బతికారు అని రాసి పెడితే బాగుంటుంది. మా బ్యాచ్ పేర్ల పని నేను తీసుకుంటాను. తక్కిన బ్యాచ్‌ల నుంచి ఒక్కొక్కరు ముందుకు రండి.