పాత హై-ఫై స్పీకర్ల మరమ్మతు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

ఇరవై, ముప్పై ఏళ్లు పైబడిన లౌడ్‌స్పీకర్లను తొలి స్వరం చెడకుండా ఇంటి దగ్గరే మళ్లీ పలికించే పని. మైకు సెట్ల హారన్ల బాగుచేత ఇందులోకి రాదు. హారన్‌లో పాడయ్యేది సాధారణంగా డయాఫ్రం. దాన్ని పూర్తిగా తీసి కొత్తది బిగిస్తారు. హై-ఫై పెట్టెలో అలా కాదు, పాత భాగాన్ని ఎంత నిలబెట్టగలిగితే అంత మేలు.

స్పీకర్ పుట్టుక తేదీపై ఏకాభిప్రాయం లేదు. అయస్కాంతపు సందులో తీగచుట్ట కదిలే సూత్రం జర్మనీకి చెందిన సీమెన్స్‌దని కొందరు 1874 నుంచి, మరికొందరు 1877 నుంచి లెక్కిస్తారు. ఆలివర్ లాడ్జ్ పేటెంటు 1898 నాటిది. జెన్సెన్, ప్రిధమ్‌లు అమెరికాలో 1915లో బహిరంగంగా వినిపించారు. బాగుచేసేవాడికి మాత్రం రైస్, కెల్లాగ్ 1925లో ప్రకటించిన నమూనాయే మూలమనుకోవచ్చు (1924 అని రాసేవారూ ఉన్నారు): ఈనాటికీ విప్పి చూస్తే కనబడేది ఆ కాగితపు కోనే, ఆ తీగచుట్టే, అంటే వాయిస్ కాయిలే.

1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడి ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాక కోన్ అంచు, అంటే రిమ్ము, బాగా మెత్తబడక తప్పలేదు. తర్వాత చాలామంది తయారీదారులు దానికి ఫోమ్ వాడారు. పాత స్పీకర్లకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం అక్కడిదే. ఫోమ్ పది, ఇరవై ఏళ్లకు జిగటగా మారి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. బ్యూటైల్ రబ్బరు రిమ్ము ఇంతకన్నా చాలాకాలం నిలుస్తుంది. తేమ తక్కువైన ఆదోని వైపు ఫోమ్‌కు ఢోకా లేదనుకోవడం సగం నిజమే. పాలియెస్టర్ రకాన్ని తినేది తేమ. పాలియీథర్ రకాన్ని చెరిచేది వెలుతురు, వేడి. నడివేసవిలో కిటికీ పక్కన పెట్టిన పెట్టెకు రెండో ముప్పు ఎక్కువ.

పత్తి జిన్నింగు మిల్లుల ఊరు కాబట్టి దూది నుసి మీదకు అనుమానం పోవడం సహజం. అయితే కాయిల్ సందును అసలు పాడుచేసేది ఇనుప రజను. అయస్కాంతం దాన్ని పట్టుకుని వదలదు. దూదిని అయస్కాంతం లాగదు. పైగా స్పీకర్ లోపలే పత్తి ఉంటుంది: కాయిల్‌ను మధ్యలో నిలిపే స్పైడర్ చాలా నమూనాల్లో రెసిన్‌లో ముంచి అచ్చొత్తిన నూలు బట్ట.

మొదట మల్టీమీటర్. 8 ఓముల స్పీకర్ సుమారు 6 ఓములు చూపిస్తే కాయిల్ బతికున్నట్టే. ముల్లు కదలకపోతే తీగ తెగింది. కోన్‌ను రెండు వైపులా సమానంగా, మెల్లగా నొక్కినప్పుడు గీరిన చప్పుడు వస్తే కాయిల్ పక్కకు జరిగింది, లేదా సందులో చెత్త ఉంది. 1.5 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా ముట్టిస్తే మామూలుగా కోన్ బయటికి రావాలి. పాత జేబీఎల్‌ వాటిలో లోపలికి పోతుంది, అది లోపం కాదు.

రిమ్ము మార్చేటప్పుడు పాత జిగురంతా గీకాలి. ఓపిక అయిపోయేది ఇక్కడే, పని చెడేదీ ఇక్కడే. ముందు కోన్‌కు అంటించి, ఆరాక చట్రానికి అంటిస్తారు. కాయిల్ మధ్యన నిలవడానికి, కోన్ నడుమ మూతలా ఉండే డస్ట్ క్యాప్ కోసి సన్నటి ప్లాస్టిక్ చీలికలు దూర్చడం ఒక పద్ధతి. క్యాప్ కోయకుండా, 30 హెర్ట్జ్ లోపు మంద్రస్వరాన్ని తక్కువ శబ్దంతో పలికిస్తూ, గీరుడు వినబడని చోట జిగురు పట్టనివ్వడం రెండోది. స్పైడర్ గట్టిగా ఉంటే రెండోదే మెరుగు. కాగితపు కోన్‌కు ఫెవికాల్ వంటి తెల్లజిగురు చాలు, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. క్షణంలో పట్టే జిగురు ఆ వ్యవధి ఇవ్వదు, ఆరాక పెళుసవుతుంది. ఒక రోజు ఆరనివ్వాలి.

పెట్టెలో ఏ స్పీకర్‌కు ఏ స్వరాలో పంచే క్రాస్‌ఓవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కాలక్రమాన విలువ తప్పుతాయి. అదే విలువ ఉన్న నాన్-పోలార్ రకం వేయాలి. ఖరీదైన ఫిల్మ్ రకం వేస్తే స్వరం విప్పారుతుందని కొందరు, పదునెక్కి తొలి తీరు పోతుందని కొందరు అంటారు. రెండో మాటకు ఆధారముంది: ఫిల్మ్ రకంలో అంతర నిరోధం తక్కువ, అందువల్ల పైస్వరాలు పలికే ట్వీటర్‌కు కాస్త ఎక్కువ అందుతుంది.

ఆల్నికో అయస్కాంతాన్ని విప్పకూడదు. విడదీస్తే శక్తి కోల్పోతుంది, తిరిగి బిగించినా రాదు.

ముందరి బట్ట చిరిగితే మార్చడానికి చేనేత నూలు పనికిరావచ్చు. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో బట్టకు వెతకాల్సిన పని లేదు. నేత మాత్రం పలచగా ఉండాలి. బట్టకు ఇవతల నుంచి ఊదితే అవతల అరచేతికి గాలి తగలాలి. తువ్వాలు గుడ్డ వేస్తే ట్వీటర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టే.