మట్టి పిట్ట ఎవరిది?

ఏసు కథ చెప్పుకునేటప్పుడు మమ్మల్ని ఎవరూ పిలవరు. అది చర్చివాళ్ల కథ అనుకుంటారు. హిందూ మిత్రులూ అలాగే అనుకుంటారు, క్రైస్తవ మిత్రులూ అలాగే అనుకుంటారు. 'మీకూ ఏసు ఉన్నాడా?' అని నోరెళ్లబెట్టి అడిగినవాళ్లు పత్రికాఫీసుల్లో మాకు చాలామందే తగిలారు. ఉన్నాడండీ. హజ్రత్ ఈసా అలైహిస్సలాం. ఆయన తల్లి పేరున ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది. ఆడపిల్లకు మరియం అని పేరు పెట్టుకునే ఇళ్లు మాలో ఎన్నో.

గోదావరి డెల్టాలో ఏసు కొత్తవాడు కాడు. 1830లలోనే బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు నరసాపురం వచ్చి స్థిరపడ్డారు. 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టక ముందే ఈ నేల మీద సువార్త వినబడిందన్నమాట. ఆ తర్వాత మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో అది ఎంత బలంగా నాటుకుందో అందరికీ తెలుసు. అంటరానివాడని ఊరు వెలేసిన మనిషికి పశువుల పాకలో పుట్టిన దేవుడు దొరకడం చిన్న విషయం కాదు. ఆ మాట మేం గౌరవంగానే అంటున్నాం. కాకపోతే అదే బిడ్డ కథ పక్కనే సాయిబుల ఇళ్లలో ఉర్దూలో, అరబ్బీలో ఇంకో రకంగా వినబడుతోందన్న సంగతి ఊళ్లో ఎవరికీ పట్టలేదు.

ఆ ఇంకో రకం ఏమిటో చెప్పాలి. సువార్తలు నాలుగింటిలోనూ ఏసు బాల్యానికి దక్కిన చోటు చాలా తక్కువ. మత్తయి ఐగుప్తుకు పారిపోవడం చెబుతాడు. లూకా పన్నెండేళ్ల పిల్లాడు దేవాలయంలో పండితులతో కూర్చోవడం చెబుతాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ల మనిషే కనిపిస్తాడు. మార్కు, యోహాను ఆ మాత్రం కూడా చెప్పరు. ఖురాన్‌లో మాత్రం మరియం నొప్పులు పడుతూ ఖర్జూర చెట్టు మొదలును పట్టుకుంటుంది. చచ్చిపోయినా బాగుండేదనుకుంటుంది. కాళ్ల దగ్గర ఊట పుడుతుంది, చెట్టు ఊపితే పండ్లు రాలుతాయి. బిడ్డనెత్తుకుని ఊళ్లోకి వస్తే జనం నిలదీస్తారు. ఆమె నోరు విప్పదు. ఒళ్లో బిడ్డే తల్లి తరఫున మాట్లాడతాడు. ఇదంతా పందొమ్మిదో సూరాలో ఉంది. ఇక మూడో సూరాలోనూ, ఐదో సూరాలోనూ మట్టి పిట్ట వస్తుంది. ఈసా బంకమట్టితో పిట్టను చేసి ఊపిరి ఊదితే అది ప్రాణం పోసుకుంటుంది. 'అల్లాహ్ అనుమతితో' అన్న షరతు ఖురాన్ ప్రతిచోటా గట్టిగా చెబుతుంది. మాకూ క్రైస్తవులకూ ఉన్న తేడా అంతా ఆ షరతులోనే ఉంది.

మట్టి పిట్ట కథ ఖురాన్‌కు ముందూ ఉంది. రెండో శతాబ్దం నాటిదని పండితులు చెప్పే 'తోమా బాల్య సువార్త'లో ఐదేళ్ల ఏసు వాగొడ్డున మట్టితో పన్నెండు పిచ్చుకల్ని చేస్తాడు. ఆ రోజు విశ్రాంతి దినం. ఒకతను చూసి యోసేపుకు ఫిర్యాదు చేస్తాడు. యోసేపు వచ్చి కేకలేస్తాడు. పిల్లాడు చప్పట్లు కొడితే పిచ్చుకలు ఎగిరిపోతాయి. ఈ సువార్తను చర్చి బైబిల్లో చేర్చలేదు. అరబ్బీలో ఉన్న మరో బాల్య సువార్తలో రంగులద్దేవాడి దుకాణం కథ ఉంది. పిల్లాడు బట్టలన్నీ తీసుకెళ్లి ఒకే నీలిమందు తొట్టిలో పడేస్తాడు. దుకాణదారు లబోదిబోమంటాడు. పిల్లాడు ఒక్కో బట్టా బయటికి తీస్తుంటే ఎవరు కోరిన రంగు వారికి వస్తుంది. మా ఖససుల్ అంబియా సంప్రదాయంలోకి కూడా ఈ కథ నడిచి వచ్చింది. నరసాపురం పక్క మాధవాయిపాలెం బట్ట 'మాడపోలం' పేరుతో సముద్రాలు దాటింది కదా, నేతా అద్దకమూ ఎరిగిన ఇలాంటి గడ్డ మీద ఆ కథను ఎవరూ చెప్పుకోకపోవడం మాకు వెలితిగానే ఉంటుంది.

ఇప్పుడు నవలల సంగతి. 2005లో ఆన్ రైస్ అనే అమెరికన్ రచయిత్రి ఏసు బాల్యం మీద 'క్రైస్ట్ ద లార్డ్: ఔటాఫ్ ఈజిప్ట్' రాసింది. అంతకు ముందు ఆవిడ రక్తం తాగే పిశాచాల నవలలకు పేరు మోసింది. 1998లో క్యాథలిక్ మతానికి తిరిగొచ్చి ఈ పని పెట్టుకుంది. కథ చెప్పేది ఏడేళ్ల ఏసే. తానెవరో తనకే పూర్తిగా తెలియదు. పెద్దవాళ్లు ఏదో దాస్తున్నారని మాత్రం తెలుసు. అలెగ్జాండ్రియా వీధిలో గొడవపడిన పిల్లాడు చచ్చిపడిపోతాడు, మళ్లీ లేస్తాడు. మట్టి పిచ్చుకలు కూడా ఉన్నాయి. దాంతో పాఠకులు రెండుగా చీలారు. ఒక బిడ్డ మనసులోకి ఇంత భక్తితో తొంగి చూసినవాళ్లు లేరని కొందరు మెచ్చుకున్నారు. కానా పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసం కావడమే మొదటి సూచక క్రియ అని యోహాను రెండో అధ్యాయం చెబుతుంటే పిచ్చుకలు ఎక్కడివని ఇంకొందరు తప్పుపట్టారు. పిచ్చుకల సంగతి ఖురాన్‌ది కదా, దాన్ని మా ప్రభువుకు అంటగడతారా అన్న మాట కూడా ఈ చర్చల్లో వినవస్తుంది. మాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. క్రైస్తవులే రాసుకుని పక్కన పెట్టిన కథ, మేం భద్రంగా దాచుకున్నాం కాబట్టి పరాయిదైపోయింది.

మనవాళ్లు కొందరు మరో వైపు పొంగిపోయారు. చూశారా, అమెరికా రచయిత్రి కూడా ఖురాన్ మాట ఒప్పుకుంది అన్నారు. ఆ పొంగు కూడా మాకు నచ్చలేదు. ఆవిడ ఖురాన్‌ను ఒప్పుకోలేదు. బైబిల్లో చేరని పాత కథల్ని వాడుకుంది, అంతే. ఆవిడ ఏసుకు ఆ శక్తి తనలోంచే వస్తుంది. మా ఈసాకు అనుమతి పైనుంచి వస్తుంది. పోలిక దొరికిందని తేడాను మింగేస్తే అది చదవడం కాదు.

పోర్చుగీసు రచయిత సరమాగో సంగతి వేరు. 1991 నాటి ఆయన నవలలో యోసేపుకు బెత్లెహేము పసిపిల్లల్ని చంపడానికి సైనికులు వస్తున్నారని ముందే తెలుస్తుంది. పరుగెత్తి తన బిడ్డను కాపాడుకుంటాడు. మిగతా తల్లులకు చెప్పడు. ఆ పాపం కలల్లోకి వస్తుంది. తండ్రి పోయాక ఆ పీడకల కొడుక్కి వారసత్వంగా దక్కుతుంది. చదివినవాణ్ణి నిద్రపోనివ్వని ఊహ అది. తన ఇల్లు మాత్రం దక్కితే చాలనుకుని తలుపేసుకున్న మనుషుల్ని ఈ దేశంలో ప్రతి అల్లరి తర్వాతా మేం చూస్తూనే ఉన్నాం కాబట్టి మాకు ఇంకా గట్టిగా తగిలింది. 1992లో పోర్చుగల్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని యూరోపియన్ సాహిత్య బహుమతి పోటీకి వెళ్లకుండా ఆపింది. సరమాగో దేశం విడిచి స్పెయిన్ దీవికి కాపురం మార్చాడు. 1998లో నోబెల్ వచ్చింది. కూట్సీ 2013 నవల 'ద చైల్డ్‌హుడ్ ఆఫ్ జీసస్'లో అయితే ఏసు అనే పేరు అట్ట మీద తప్ప లోపల లేదు. పాఠకులు కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరక్క తికమకపడ్డారు.

వీటన్నిటికన్నా ముందే ఈసాను మన దేశానికి నడిపించిన పుస్తకం ఒకటుంది. 1894లో నొటొవిచ్ అనే రష్యన్, లదాఖ్‌లోని హెమిస్ మఠంలో ఒక గ్రంథం చూశానన్నాడు. పదమూడో ఏట ఇల్లు విడిచిన ఏసు పూరీ జగన్నాథం, రాజగృహం, కాశీ తిరిగి శూద్రులకు బోధించి బ్రాహ్మణుల కోపానికి గురయ్యాడని అందులో ఉందట. మాక్స్ ముల్లర్ నమ్మలేదు. మరుసటేడు ఆగ్రా కాలేజీ ప్రొఫెసర్ డగ్లస్ హెమిస్ వెళ్లి అడిగితే అలాంటి గ్రంథమే లేదని మఠం పెద్ద చెప్పాడు. అయినా ఆ కథ చావలేదు. ఏసు మన దగ్గరే చదువుకున్నాడని చెప్పుకోవడానికి హిందువుల్లో కొందరికి పనికొచ్చింది. చర్చికి మంట పుట్టింది. మా గురించి ఎవరూ ఆలోచించలేదు గానీ ఆ పుస్తకంలో ఏసు పేరు 'ఇస్సా'. అబద్ధం రాయడానికి కూడా మా పలుకు కావలసి వచ్చింది!

ఒకరి కథ ఒకరు చెప్పుకోవడం మా ప్రాంతానికి కొత్త కాదు. పిఠాపురం సూఫీ పీఠానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో పద్యాలు, నాటకాలు, నవలలు రాశారు. అనసూయ మీదా రాశారు, మహమ్మద్ రసూల్ మీదా రాశారు. 1945లో కన్నుమూసేనాటికి ఆయన కేంద్ర శాసనసభ సభ్యులు. ఖురాన్‌ను మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు. ఇక జాషువా. 1915 ప్రాంతంలో ఉపాధ్యాయ ఉద్యోగం పోయి రాజమండ్రి చేరి, మూకీ బొమ్మలకు తెర పక్కన నిలబడి కథ, మాటలు చదివే పని చేశారు. హిందూ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన్ని వెలేశారు, మాదిగ తల్లి బిడ్డ అని అగ్రవర్ణాలు దూరం పెట్టాయి. ఆ మనిషే మా ఫిరదౌసి కడుపుకోతను తెలుగు పద్యంలో పెట్టారు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమానం అందుకున్నారు. 'పిరదౌసి' చదివి, ఒక క్రైస్తవుడు మా కవిని ముట్టుకున్నాడేమిటని మేం అలగలేదు. మావాడేననుకుని చదువుకున్నాం.

మరి ఆ చుట్టరికం ఎక్కడ తెగింది? 2006 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'డావిన్సీ కోడ్' సినిమాను నిషేధించింది. అది బాల్యం కథ కాదు, ఏసుకు పెళ్లయిందనే కథ. క్రైస్తవ సంఘాలతో పాటు ముస్లిం సంఘాలూ వినతిపత్రాలు ఇచ్చాయి. అంతకు ముందు ముంబయిలోనూ మన మతపెద్దలు క్రైస్తవులకు అండగా నిలబడతామన్నారు. బొమ్మ చూడకుండానే నిషేధించారని తప్పుపట్టి ఆ నెలలోనే హైకోర్టు ఉత్తర్వు కొట్టేసింది. ఇద్దరు మైనారిటీలు ఒక్కచోట నిలబడ్డందుకు సంతోషించాలా? ఈసా మా ప్రవక్త అని మనవాళ్లు ఊరందరికీ వినిపించేలా చెప్పింది ఆ కొన్నాళ్లే. అదీ ఆపండి అని చెప్పడానికి.

దీని వెనక చరిత్ర ఉంది. 1924లో లాహోరులో 'రంగీలా రసూల్' వచ్చింది. దాని గొడవలోంచే 1927లో శిక్షాస్మృతిలో 295-ఏ సెక్షన్ పుట్టింది. 1988 అక్టోబరులో 'సెటానిక్ వర్సెస్' ఈ దేశంలోకి రాకుండా ఆపారు. అప్పట్నుంచి పుస్తకం చదివి నొచ్చుకున్న క్రైస్తవుడు పాఠకుడు, నొచ్చుకున్న ముస్లిం శాంతిభద్రతల సమస్య. మేం నొచ్చుకోవడంలో రకాలున్నాయి. ప్రవక్తను కించపరిచారని ఒకరికి నొప్పి. ప్రవక్త నోట కల్పించిన మాట పెట్టడమే తగదని ఇంకొకరికి నొప్పి. మా ఈసాను అసలు లెక్కలోకే తీసుకోలేదని మాలాంటివాళ్లకు నొప్పి. మూడోది ఎక్కడా అచ్చుకాదు. మన పెద్దలకూ అది వినబడదు. నిషేధించమనడానికి సంతకం చాలు, కథ చెప్పడానికి ఊపిరి కావాలి.

మరియం కథ తెలుగులో మనవాళ్లే చెబితే ఎలా ఉంటుందని మేం అప్పుడప్పుడూ మాట్లాడుకుంటాం. ఖర్జూర చెట్టు డెల్టాలో లేదంటారు. ఈత చెట్టు దాని చెల్లెలే కదా. కాలువ గట్టున ఒంటరిగా కూలబడిన చూలాలు ఈ ప్రాంతానికి కొత్త దృశ్యం కాదు. పశువుల పాక ఏమైందని క్రైస్తవ పాఠకులు అడుగుతారు. యోసేపు ఏడని అడుగుతారు. ఖురాన్‌లో ఆయన లేడు, ఆ తల్లి ఒక్కతే నిలబడి ఊరికి ఎదురు వెళ్లింది. మౌల్వీ సాహెబ్ వచ్చి పాక్ బీబీ మనసులో మాట నీకెలా తెలుసు బేటా అని నిలదీస్తారు. అది న్యాయమైన ప్రశ్నే, రాసేవాడు జవాబు చెప్పుకోవాల్సిందే. ఉత్తరాలు వస్తాయి, పేజీలు పెట్టి అచ్చు వేయాలి. ముందు ఆ కథ ఎవరైనా రాసి పంపాలి.