కానరానిదానిని కొలుచుట



కొండమీద పొగ కనబడినచో అచ్చట నిప్పు కలదని తార్కికులు ఊహించుట మీరెల్లరు ఎరిగినదే. నిప్పున్న చోటనెల్ల పొగ యుండునని తిరుగవేసి చెప్పుట మాత్రము తప్పు. కాలిన యినుమునకు పొగ లేదు. పచ్చికట్టె తోడైననే పొగ పుట్టును. ఆ పచ్చికట్టెను మనవారు ఉపాధి యనిరి. నేటి ప్రసంగమునకు ఈ మాట ముఖ్యము.

నలిగిన మనస్సునకు మాటలతో దారిచూపు విద్యను కౌన్సెలింగు అందురు. అందు పరిశోధకులకు గల చిక్కు ఇది: దుఃఖము, ధైర్యము, నమ్మకము కుంచముతో కొలువరానివి, వాని గుర్తులు మాత్రమే కనబడును. 1904లో ఛార్లెస్ స్పియర్‌మన్ అను ఆంగ్లేయుడు బాలుర మార్కులలోని పొత్తునుబట్టి, వాని వెనుకనున్న బుద్ధిశక్తిని లెక్కగట్టజూచెను. అమెరికాలో సూవల్ రైట్ 1921లో, కారణమునుండి కార్యమునకు బాణములు గీచి, ఒక్కొక్క బాణపు బలమును గణించు మార్గమును వివరించెను. 1970 ప్రాంతమున స్వీడను దేశీయుడు కార్ల్ యోరెస్కోగ్ ఈ రెంటిని ఒక్కటిగా కూర్చెను. దీనినే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగు అందురు.

బాణముల పటము నిజమైనచో, ప్రశ్నలకు వచ్చు జవాబులలో ఏపాటి పొత్తుండవలెనో సమీకరణములు చెప్పును. దొరికిన పొత్తుతో దానిని సరిచూతురు. పొసగనిచో పటము తప్పు. పొసగినను నిజమని నిశ్చయింపరాదు. వేరొక పటము గూడ అంతే చక్కగా పొసగవచ్చును.

ఇందు మన ప్రాంతపు పాలు కలదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు విశాఖపట్టణమున ఏ.వి.యన్. కళాశాలలోను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను చదివినవారు. 1940 నాటికి శ్రీకాకుళ విజయనగరములు విశాఖపట్టణము జిల్లాలోనివే. కలకత్తాలో మహలనోబిసుగారి సంస్థలో చేరి, పిదప కేంబ్రిడ్జికి పోయి, 1948లో వారొక పరీక్షను ప్రకటించిరి. గీయక విడిచిన బాణము అవసరమా యన్నది, దానిని చేర్చి లెక్క మరల కట్టకయే అది తెలుపును. నేడు ఈ పటములను దిద్దువారు వాడు సూచిక దానినుండి వచ్చినదే. వారు 2023లో, 102 ఏండ్ల వయస్సున కాలధర్మము నొందిరి. కొందరు మాత్రము ఆ సూచిక చెప్పినకొలది బాణములు చేర్చుకొనుచు పోవుదురు. అది తీర్పు వ్రాసికొని సాక్షులను వెదకుట వంటిది. నాకు సమ్మతము కాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చెను. ఆ యేడు నా తరగతిలో నొక బాలుని మార్కులు పడిపోయెను. మందలించితిని, బెత్తము నెత్తితిని. నా పటమున ఒకటే బాణము, సోమరితనమునుండి మార్కులకు. తోట పోవుటయు, తండ్రి వలసపోవుటయు, వాడు రాత్రులు తల్లితో గూడి జీడిపప్పు పొట్టు తీయుటయు అందు లేవు. ఒక్క బాలునికై సమీకరణములు పనికిరావు. వానికి వందలమంది జవాబులు కావలెను. వానిని పిలిచి అడుగుటకు ఏ గణితమును అక్కరలేదు గదా. వాడు బడి మాని తండ్రివెంట పోయిన పిమ్మటగాని నేను ఆ యింటి గుమ్మము త్రొక్కలేదు.