అమ్మమ్మ ట్రంకు పెట్టె, లండన్ మంట, మన ఇంటి ఇన్సూరెన్స్

ఈరోజు టాపిక్ ఇంటి ఇన్సూరెన్స్. ఆగండాగండి, స్కిప్ చెయ్యకండి. ఇది మా అమ్మమ్మ ఇంటి నుంచి మొదలవుతుంది.

ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. వేసవి సెలవులకి వెళ్తే రోజూ ఒకటే మాట: "పన్నెండు దాటితే గాలి లేస్తాది, పొయ్యి ఆర్పీండర్రా." గుమ్మం పక్కనే ఒక ట్రంకు పెట్టె ఉండేది. అందులో పొలం పాస్‌బుక్కు, రేషన్ కార్డు. నిప్పంటుకుంటే ముందు దాన్ని బయటికి లాగాలన్నమాట. ఆవిడకి తెలిసిన ఇన్సూరెన్స్ అదొక్కటే.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టిళ్లు చూశారా? గుండ్రటి మట్టి గోడ, పైన గొడుగులా తాటాకు కప్పు. మూలలు లేవు కాబట్టి తుఫాను గాలి పక్కనుంచి జారిపోతుంది. మన పెద్దోళ్ల ఇంజినీరింగ్ అది. కానీ అందులో ఒక బగ్ ఉంది. తాటాకు అంటుకుంటే నిప్పురవ్వ ఎగిరి పక్కింటి కప్పు మీద పడుతుంది.

లండన్‌లోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1666 సెప్టెంబర్ 2న ఒక రొట్టెల దుకాణంలో మొదలైన మంట, నాలుగైదు రోజుల్లో సుమారు 13,200 ఇళ్లని బూడిద చేసింది. చాలావరకు చెక్క ఇళ్లే. తర్వాత 1680ల మొదట్లో నికొలస్ బార్బన్ అనే బిల్డర్ ఇళ్లకి అగ్ని బీమా అమ్మడం మొదలెట్టాడు. ఇటుక ఇంటికి అద్దెలో 2.5 శాతం, చెక్క ఇంటికి 5 శాతం. లెక్క కరెక్టే. కానీ ఎవరి ఇల్లు తొందరగా కాలుతుందో వాళ్లే డబుల్ కట్టాలి.

ఆ లాజిక్ మన దేశానికీ వచ్చింది. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ లాంటివి ఉంటే పాలసీ భాషలో అది "కచ్చా" కట్టడం. తుఫానుకి తట్టుకున్న చుట్టిల్లు కూడా కాగితం మీద కచ్చానే.

ఇంకో తిరకాసు చూడండి. సీతంపేట, కురుపాం కొండలు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. 2022 దాకా మన రెండు జిల్లాలవే. అక్కడ వేసవిలో కొండ మీద మంట మామూలే. పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీలో పొదల మంటకి కవర్ ఉండేది, అడవి మంటకి ఉండేది కాదు. దానికి విడిగా డబ్బు కట్టాలి. మరి కొండ మీద పొద ఎక్కడ ఆగుతుంది, అడవి ఎక్కడ మొదలవుతుంది? మంటకి ఆ తేడా తెలీదు కదా!

2021 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ "భారత్ గృహ రక్ష" అనే ఒకే రకం పాలసీ తెచ్చింది. పొదల మంట, అడవి మంట, తుఫాను, వరద, భూకంపం అన్నీ అందులోనే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలు నేలకొరగడం మనకి గుర్తే. ఇంటికి సర్కారు సాయం ఎంతో సర్కారే నిర్ణయిస్తుంది. పాలసీ అలా కాదు, ముందే రాసుకున్న ఒప్పందం.

లెక్క సింపుల్. స్థలం ధర కాదు, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు చూడాలి. 800 అడుగులు, అడుగుకి 2,000 అనుకుంటే 16 లక్షలు. ఇల్లూ సామానూ కలిపి తీసుకుంటే, సామానుకి దాంట్లో 20 శాతం, అంటే 3.2 లక్షలు ఆటోమేటిక్. దీనికి గరిష్ఠం 10 లక్షలు. నగదుకి రాదు, నగలకి విడిగా కవర్ తీసుకోవాలి.

ఇప్పుడు అమ్మమ్మ ఇంటికి స్లాబ్ పడింది. నిరుడు నేనే ఫారం నింపుతున్నా. పక్కన కూర్చుని అడిగింది: "ఎనకాల వంట పాక రాసావేటి?"

రాయలేదు. అది తాటాకు. రాస్తే ప్రీమియం పెరుగుతుందేమోనని వదిలేశా. కానీ అబద్ధం చెప్పిన ఫారంతో కట్టిన డబ్బు, మంట వచ్చిన రోజు మనకి అక్కరకి రాదు.

రాశాను. ట్రంకు పెట్టె మాత్రం ఇంకా గుమ్మం పక్కనే ఉంది. పాలసీ కాగితం అందులోనే పెట్టుకుంది.

మీ ఇంటి కప్పు ఏంటో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.